షట్టరు లేని అంగడి

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక సబ్బు కొనుక్కోవడానికి నేను ఎంత కష్టపడ్డానో, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు చెబితే నమ్మరు. జీతం చాలక కాదు. అమ్మేవాళ్లు లేక కాదు.

పట్టణ ప్రణాళికా విభాగంలో సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఎవరు ఎక్కడ కట్టుకోవచ్చు, రోడ్డు వైపు ఎంత జాగా వదలాలి, ఏ వీధిలో అంగడి పెట్టవచ్చు, ఏ వీధిలో పెట్టకూడదు, ఇవీ మా పనులు. ఆళ్లగడ్డ బజారులో నేను ఒక అంగడి వైపు నడిస్తే ఆసామి నా ముఖం చూడడు. తల ఎత్తి తన అంగడి ముందు రేకు చూసుకుంటాడు, కాలువ దాటి ఎంత బయటికి వచ్చిందోనని. తర్వాత బయట పెట్టిన బస్తాలు లోపలికి లాగిస్తాడు. నేను సబ్బు అడిగితే ఇస్తాడు గానీ డబ్బు తీసుకోడు. "మీ కాడ తీసుకుంటామా సార్" అంటాడు. ఆ సబ్బుతో స్నానం చేస్తే రేపు అతని రేకు గురించి నేను నోరెత్తలేను. ఎత్తితే, సబ్బు తిని మాట్లాడుతున్నాడంటాడు.

అందుకని నంద్యాల పోయినప్పుడల్లా ఉప్పు, పప్పు, సబ్బులు, అగ్గిపెట్టెలు సంచి నిండా మోసుకొచ్చేవాడిని. మా సర్వేయరు శిరివెళ్ల దగ్గరి పల్లె మనిషి, సేద్యం కుటుంబం, రోజూ బండి మీద వచ్చి పోయేవాడు. నేను బస్సు దిగి సంచితో నడవడం చూసి బండి ఆపేవాడు.

"ఏందప్పా, మీ నంద్యాల ఉప్పు తియ్యగుంటాదా? ఆళ్లగడ్డంతా వదిలిపెట్టి ఆడనుంచి మోస్తాండావు."

"ఇక్కడ ఎవరూ దుడ్లు తీసుకోరన్నా."

"తీసుకోకుంటే పెట్టుకో. యాడైనా ఉంటాదా ఇట్లాంటి బాధ!"

నేను పుట్టి పెరిగింది నంద్యాలలోనే. నాయన ఉపదేశి. పల్లెల్లో తిరిగి సంఘాలు చూసుకునేవాడు. అవును అనాల్సిన చోట అవును, కాదు అనాల్సిన చోట కాదు, మిగిలిందంతా సాతాను మాట అని మమ్మల్ని పెంచాడు. ఆ నంద్యాల ఇంట్లోనే నా భార్య జబ్బుపడి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. మాకు పిల్లలు లేరు. ఆమె పోయిన తర్వాతి ఏడాది ఆళ్లగడ్డకు బదిలీ వచ్చింది. స్నేహితులు ఆపించుకోమన్నారు. ఎవరి కోసం ఆపించుకోవాలి? ఇంటికి తాళం వేసి వచ్చేశాను.

ఆళ్లగడ్డలో ఒక మేడ మీద గది తీసుకున్నాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక తెల్లారేదాకా నాతో మాట్లాడేవాళ్లు ఉండరు. బైబిలు వాక్యం మనసులో చదువుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ గదిలో మాత్రం పైకి చదివేవాడిని. భక్తి ఎక్కువై కాదు, ఇంట్లో ఒక మనిషి గొంతు వినబడాలని. కింద అద్దెకున్నవాళ్లు నేనెవరితోనో పోట్లాడుతున్నాననుకున్నారట.

ఒకరోజు నడిచి వస్తుంటే వాన పట్టుకుంది. మసీదు వెనక సన్నటి వీధిలో ఒక ఇంటి చూరు కింద నిలబడ్డాను. పక్కనే గోడకు కిటికీ. ఇనుప కడ్డీల్లో ఒకటి తీసేసి ఉంది. లోపల పచ్చ పరదా. ఒక ముసలామె వచ్చి పరదా ముందు ఏదో అడిగింది. పరదా పక్క నుంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చి చింతపండు పొట్లం ఇచ్చి లోపలికి పోయింది. అప్పుడర్థమైంది, అది అంగడి.

నేనూ వెళ్లి నిలబడి, "అమ్మా, ఒక గుడ్డు" అన్నాను.

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"చిల్లర ఉండాదా?"

నోటు ఇచ్చాను. పరదా వెనక నుంచి గట్టిగా నిట్టూర్పు. "అరె, ఒక్క గుడ్డుకు ఇంత నోటా? ఇదేమన్నా బ్యాంకా అన్నా? పొద్దున్నుంచీ చిల్లర ల్యాక పరేషాన్ అయితాంటే... సర్లే, రేపు ఇయ్యి. ఎగ్గొడితే మాత్రం మర్యాదుండదు, ముందే చెప్తాండా."

వాన తగ్గకముందే గుడ్డు జేబులో పెట్టుకుని గదికి నడిచాను. నవ్వుతూ నడిచాను. ఎంతకాలమైందో నన్నెవరూ తిట్టి. ఆఫీసులో నా మీద కోపమున్న వాళ్లకు కూడా నేను సార్‌నే. ఈ గొంతుకు నేను చిల్లర తేని మనిషిని, అంతే.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆ కిటికీ దగ్గరికి పోయేవాడిని. ఆమెకు నేను కనబడను, నాకు ఆమె కనబడదు. నలభై దాటి ఉంటుందని గొంతును బట్టి అనుకునేవాడిని. భర్త లారీ మీద పోతాడు, ఎప్పుడు వస్తాడో తెలియదు, వచ్చినా జేబు ఖాళీతో వస్తాడు. ఇల్లు నడిచేది ఆ కిటికీతోనే. ఇవన్నీ నాతో చెప్పినవి కావు. నా ముందు నిలబడిన ఆడవాళ్లతో అంటుంటే విన్నవి. లోపల పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చేది. ఒక్కోసారి, "నిలబడన్నా, అన్నం మాడతాది" అని పోయి మళ్లీ వచ్చేది.

"ఎప్పుడు చూసినా ఒక్క గుడ్డు. ఇంట్లో ఆడమనిషి ల్యాదా?" అని ఒకసారి అడిగింది.

"లేదమ్మా. పోయింది."

"అల్లా దగ్గర సల్లగుండనీ" అంది. ఆమె నోటి దీవెన అది. నాకు ఎవరి దేవుడు ఎవరన్నది చిన్నప్పటి నుంచి స్పష్టంగానే నేర్పారు. అయినా తల వంచుకుని ఆ మాట తీసుకున్నాను. మరుసటి రోజు మళ్లీ మామూలే. "నీవు కండక్టరువేమో అనుకుంటిమి. కండక్టరయితే చిల్లర ఉండాలే!"

ఆ కాలంలోనే పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారవుతూ ఉంది. దానిలో అంగళ్ల సంగతి పెద్దది. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అంటాను. నడిబజారులో బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు ఒకదానికొకటి అడ్డం. బట్టల అంగళ్లు, ఇనుము, సిమెంటు లాంటి పెద్ద వ్యాపారాలు బజారులో ఉండాలి, బండ్లు నిలుపుకునే జాగాతో. ఉప్పూ పప్పూ మాత్రం ప్రతి కాలనీకీ నడిచిపోయేంత దూరంలో దొరకాలి. అందుకని కాలనీకొక చోట చిన్న అంగళ్ల సముదాయం. పటంలో ఆ చోటుకు నీలి రంగు. ఇళ్లుండే మిగతా వీధులన్నీ పసుపు రంగు. పసుపులో వ్యాపారం చేయకూడదు. ఎవరైనా చేస్తుంటే నోటీసు ఇచ్చి ఆపించాలి.

ఎక్కడ నీలి రంగు వేయాలో తెలియాలంటే, ఇప్పుడు ఎక్కడెక్కడ అంగళ్లున్నాయో చూడాలి. అది సర్వేయరూ నేనూ చేయాల్సిన పని. అంగడి అంటే ఏమిటన్నదానికి ఎవరూ కూర్చుని రాసింది లేదు. చేతులు మారుతూ వచ్చిన పద్ధతి ఒకటి ఉండేది. షట్టరు ఉంటే అంగడి, లేకుంటే ఇల్లు. బండి మీద పోతూ కూడా చూసుకోవచ్చు.

మసీదు వెనక వీధిలో సర్వేయరు బండి దిగకుండానే, "ఈడేమీ ల్యావు, పదప్పా" అన్నాడు.

"ఆ కిటికీలు?"

"ఏ కిటికీలు?"

"వాటిల్లో అమ్ముతారన్నా. ఈ పక్కా ఆ పక్కా కలిపి చానా ఉన్నాయి."

"మా ఇంటికాడ బర్రె పాలు అమ్ముతాం. దానికీ నీలం రంగు పూస్తావా?" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "రాసుకున్నామనుకో, పన్నులోళ్లు వస్తారు, లైసెన్సులోళ్లు వస్తారు. పరదాలో బతికే ఆడోళ్లు. రాయకుంటేనే వాళ్లకు పుణ్యం. మేం ఎప్పటినుంచో ఇట్లనే చేస్తాండాము" అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. ఇన్నేళ్లూ ఆ కిటికీలు తెరిచి ఉన్నాయంటే అతని లాంటి వాళ్లు అటు చూడకపోవడం వల్లే. నేనూ సరేనన్నాను.

పటం తయారై వచ్చింది. మేజా మీద పరిచి చూస్తే మసీదు వెనక వీధి మొదటి నుంచి చివరిదాకా శుద్ధమైన పసుపు. ఒక్క అంగడి లేదు. అంగళ్లు లేని కాలనీ కనుక పైవాళ్లు వీధి చివర ఖాళీ జాగా మీద నీలి రంగు వేశారు. పిల్లలు ఆడుకునే జాగా, ఎండాకాలం ఆడవాళ్లు మిరపకాయలు ఆరబోసుకునే జాగా. అక్కడ షట్టర్లతో కాంప్లెక్స్ వస్తుంది, గదులు వేలం వేస్తారు. అది రాగానే ఇళ్లలో వ్యాపారం బందు. కిటికీలను చూడకుండా వదిలితే బతుకుతాయనుకున్నాం. ఈ పటంలో అలా వదిలిన కిటికీ అసలు లేనట్టే లెక్క.

ఆ సాయంత్రం గుడ్డు కొనుక్కున్నప్పుడు ఆమెకు చెబుదామని నోరు తెరిచాను. ముసాయిదా బయటపెట్టకముందు చెప్పకూడదని మాకు ఆజ్ఞ. గుడ్డు మాత్రం తీసుకుని వచ్చేశాను. ముసాయిదా బయటపెట్టారు. అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. ఆఫీసు గోడ దగ్గరికి ఆ వీధి ఆడవాళ్లు ఎందుకు వస్తారు?

నా సంఘం గురించి చెప్పాలి. ఆళ్లగడ్డలో మా చర్చి, మేం గుడి అనే అంటాం, చిన్నది. ప్రహరీ లేదు. సంఘ పెద్ద సిమెంటు వ్యాపారి, చేతులెత్తి ప్రార్థిస్తే కన్నీళ్లు పెట్టించే మనిషి. నేను వచ్చిన మొదటి ఆదివారమే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. వారంలో నేను పదిమందితో కూర్చుని తిన్న అన్నం అదొక్కటే.

ఒక ఆదివారం భోజనం అయ్యాక చెప్పాడు. "తమ్ముడూ, ఆ మసీదు ఎనక జాగాలో కాంప్లెక్స్ వస్తాదంట గదా. వేలంలో నేను గదులు తీసుకుంటాండా. రెండు గదుల అద్దె సంఘానికి. ఆ అద్దెతో గుడికి ప్రహరీ కట్టిద్దాం. ప్రసంగం జరుగుతాంటే మేకలు దూరుతాండాయి, చూస్తాండావు గదా."

అందులో అతనికి లాభమూ ఉంది, భక్తీ ఉంది. ఏది ఎంతో నేను తూకం వేయలేదు. తూచేవాడు వేరే ఉన్నాడు. "ప్రార్థన చేస్తానన్నా" అన్నాను. చేశాను కూడా. ఆ రాత్రికి జవాబేమీ రాలేదు.

అభ్యంతరాల విచారణ రోజు మా ఆఫీసు హాలు సగం కూడా నిండలేదు. బజారు వ్యాపారులు కొందరు, సంఘ పెద్ద, సర్వేయరు, నేను. కమిషనర్ మేడమ్ కొత్తగా వచ్చింది, కోస్తా వైపు అమ్మాయి, వయసులో చిన్నది. గోడకు పటం తగిలించి ఒక్కొక్క కాలనీ చదువుతూ పోయింది. మసీదు వెనక వీధి వచ్చింది.

"ఇక్కడ ప్రస్తుతం అంగళ్లు లేవు. కొత్త సముదాయం ప్రతిపాదన. అభ్యంతరాలేమైనా?"

"యాడివి మేడమ్? ఆ వీధిలో ఒక్క అంగడి ల్యాదు. పాపం జనం ఉప్పుకు గూడా బజారుకు రావాల" అన్నాడు సంఘ పెద్ద.

మేడమ్ మా వైపు చూసింది. సర్వేయరు నేల చూశాడు. పేజీ తిప్పడానికి ఆమె వేలు లేచింది. తిప్పితే అయిపోయినట్టే.

లేచి నిలబడ్డాను. "ఉన్నాయి మేడమ్."

"ఏమిటి?"

"ఆ వీధిలో అంగళ్లు ఉన్నాయి. కిటికీల్లో ఉన్నాయి. ఆడవాళ్లు నడుపుతారు. షట్టర్లు లేవని మేం రాయలేదు."

"ఎన్ని ఉన్నాయి?"

"లెక్కపెట్టలేదు మేడమ్. కొన్నాను."

ఎవరో నవ్వారు. సంఘ పెద్ద వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఆ చూపులో. మేడమ్ ఫైలు మూసింది. "దూరమా? పదండి, చూద్దాం. ఇప్పుడే."

ముందు పోయి ఒక మాట చెప్పి వద్దామనుకుంటే వీలు కాలేదు. అందరం జీపులో, బండ్ల మీద బయల్దేరాం. చిన్న ఊరిలో ఆఫీసు జీపు కంటే కబురు వేగంగా పోతుంది. వీధి మలుపు తిరిగేసరికి ప్రతి కిటికీ మూసి ఉంది. చెక్క తలుపులు, లోపల గడియలు. ఎప్పుడూ మనుషులు నిలబడి ఉండే వీధిలో ఒక కోడి తప్ప ఏమీ లేదు.

"యాడప్పా నీ అంగళ్లు? కోడి అమ్ముతాందా?" అన్నాడు సంఘ పెద్ద. వ్యాపారులు నవ్వారు.

మేడమ్ గడియారం చూసుకుంది. సర్వేయరు నా పక్కకు వచ్చి మెల్లగా, "పోనీలేప్పా. మూసుకున్యారంటే వాళ్లకు ఇష్టం ల్యాదనే గదా. వదిలెయ్" అన్నాడు.

నిజమే. మూసుకున్న కిటికీని తెరిపించే హక్కు నాకెక్కడిది? కానీ ఈ రోజు మూసి ఉంటే, పటం ప్రకారం ఎప్పటికీ మూసి ఉండాల్సిందే. ఇది ఆమెకు తెలియదు. నాకు తెలుసు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో విన్న బైబిలు కథ గుర్తొచ్చింది. కోట గోడ మీద ఇల్లు, దండెత్తి వస్తున్నవాళ్ల వేగులను ఆ ఇంట్లో దాచి, గుర్తుగా కిటికీకి ఎర్ర దారం కట్టిన ఆడమనిషి. పట్టణం కూలినా ఆ కిటికీ ఉన్న ఇల్లు నిలిచింది. చిన్నప్పుడు ఆ కథలో నేను ఆ దారాన్నే తలచుకునేవాడిని. ఆమె ఇంటికి మొదట వచ్చింది నాలా పై నుంచి పంపిన వేగులవాళ్లని ఆ రోజు, ఆ వీధిలో తోచింది. ప్రభువా, ఈ పని నాతో ఎందుకు చేయిస్తున్నావు అని మనసులోనే అడిగాను.

అందరినీ గోడ పక్కన ఆగమని, రోజూ నిలబడే చోట నిలబడ్డాను. ఆ గొంతుతో తప్ప ఆమెకు నేను తెలియను.

"అమ్మా, ఒక గుడ్డు."

మళ్లీ అన్నాను.

తలుపు వెనక నుంచి గుసగుస. "ఈ పొద్దు ల్యాదు పోన్నా. ఆఫీసోళ్లు వస్తాండారంట."

"ఒక్క గుడ్డేనమ్మా."

"నీ గుడ్డు పాడుగాను! ఈ మనిషికి టైమూ పాడూ ల్యాదు" అంటూనే గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. గాజుల చెయ్యి గుడ్డుతో బయటికి వచ్చింది. "బేగా తీసుకో. దుడ్లు మల్లా ఇద్దువు. ఆ మున్సిపాలిటీ నాయాళ్లు మలుపులోకి వచ్చినారంట. నువ్వు ఈడ నిలబడాకన్నా, నిన్ను గూడా పట్టుకుంటారు."

వెనక సర్వేయరు ఆపుకోలేక పక్కున నవ్వాడు.

"అమ్మా, ఆ నాయాళ్లలో నేనూ ఒకన్ని" అన్నాను.

ఆ చెయ్యి గుడ్డుతో అలాగే గాల్లో నిలిచిపోయింది. నేను అందుకోలేదు. కాసేపటికి మెల్లగా లోపలికి పోయింది. తలుపు మాత్రం మూయలేదు. ఎందుకు మూయలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మేడమ్ ముందుకు వచ్చింది. ఆడగొంతుతో, "భయపడకండమ్మా. ఇక్కడ ఏమేం అమ్ముతారు?" అని అడిగింది.

పరదా వెనక నుంచి జవాబొచ్చింది. "ఉప్పు, చింతపండు, గుడ్లు, సబ్బులు... చిన్న చిన్నవి మేడమ్."

"వీధి చివర మంచి గది కట్టించి ఇస్తే అక్కడ పెట్టుకుంటారా?"

"పొయ్యి మీద ఎసురు పెట్టి ఆడికి యాడ పోయేది మేడమ్? ఈడయితే ఒక చెయ్యి పొయ్యి కాడ, ఒక చెయ్యి కిటికీ కాడ. ఆడ వేలంలో గది పట్టుకునేదానికి మా కాడ ఏముండాది? ఆడ మొగోళ్లు కూర్చుంటారు. ఆడోళ్లు ఎవురు పోతారు కొనేదానికి?"

ఎదురింటి కిటికీ తలుపు తెరుచుకుంది. "ఆయమ్మ ఒక్కతే కాదు మేడమ్, నేను గూడా అమ్ముతా. బోండాలు ఏస్తా" అని ఇంకో గొంతు. ఆ తర్వాత ఇంకొకటి. మేడమ్ వీధి చివరిదాకా నడుస్తూ ఒక్కో కిటికీ దగ్గరా ఆగింది. బోండాలు కొనుక్కుని తింది కూడా. సంఘ పెద్ద జీపు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను ఆ మొదటి కిటికీ పక్కనే నిలబడి ఉన్నాను. పరదా వెనక ఆమె ఉందని గాజుల చప్పుడును బట్టి తెలుస్తోంది.

కొన్ని నెలలకు ప్లాన్ ఖరారైంది. ఆ వీధిలోనూ, అలాంటి మరికొన్ని వీధుల్లోనూ ఇంటి ముందు గదిలో చిన్న వ్యాపారం చేసుకోవచ్చని నియమం చేర్చారు. షట్టరు పెట్టకూడదు, కాలువ మీద మెట్లు కట్టకూడదు, అంతే. వీధి చివర జాగాకు నీలి రంగు తీసేసి ఖాళీగా ఉంచారు. సర్వేయరు పటం చూసి, "మా బర్రె మాత్రం మిగిలిపోయిందప్పా" అన్నాడు. ఆ తర్వాత సర్వేకు పోయినప్పుడు అతను బండి దిగేవాడు. అది నాకు పెద్ద సంతోషం.

సంఘ పెద్ద నాతో తగాదా పడలేదు. విచారణ తర్వాత వచ్చిన ఆదివారం, "ఈ పొద్దు ఇంట్లో చుట్టాలుండారు తమ్ముడూ" అన్నాడు. తర్వాతి ఆదివారం నేనే ముందుగా బయల్దేరిపోయాను, అతను ఇంకో సాకు వెతుక్కోనవసరం లేకుండా. గుడిలో బల్ల మీద నా పక్క చోటు ఖాళీగా ఉండేది. ప్రసంగం మధ్యలో మేక లోపలికి వస్తే తలలు కొన్ని నా వైపు తిరిగేవి. నేను పాటల పుస్తకంలోకి చూసుకునేవాడిని. మేకకు కూడా ప్రభువు మందిరంలో చోటుందని నాకు నేనే చెప్పుకుని నవ్వుకునేవాడిని గానీ, నవ్వు పంచుకునేందుకు పక్కన మనిషి లేడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ, ఇప్పుడు మీరు ఫోన్లతో సర్వే చేస్తున్నారు. ఆకాశం నుంచి తీసిన ఫోటోలో ప్రతి ఇంటి కప్పూ కనబడుతుందట. మంచిదే. కప్పు పై నుంచి కనబడుతుంది, అమ్మకం మాత్రం గోడ పక్కన నిలబడితేనే కనబడుతుంది. మీ ఊళ్లోనే ఏదో ఒక వీధిలో రోజూ ఏదైనా కొనండి. ఎవరికీ ఉద్యోగం చెప్పకుండా కొనండి. అది ఎంతకాలం సాగుతుందో అంతకాలం అది మీ అదృష్టం.

కిటికీ సంగతి. విచారణ జరిగిన వారంలోనే మళ్లీ వెళ్లాను. చిల్లర సరిగ్గా లెక్కపెట్టి తీసుకుపోయాను. నాకంటే ముందు ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ముగ్గురూ పక్కకు జరిగారు. ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు ముందు తీసుకోండి" అన్నాను. ఎవరూ కదల్లేదు.

"అమ్మా, ఒక గుడ్డు."

"ఇస్తా సార్."

గుడ్డు కాగితంలో చుట్టి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ చుట్టలేదు. నా చిల్లర తీసుకుంది, లెక్కపెట్టలేదు. "మంచిది సార్" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. మర్నాడు వెళ్లాను, అదే. ఆ తర్వాత రోజు నేను రావడం చూసి ఒకామె కొనకుండానే వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. నేను నిలబడితే ఆ అంగడి నడవదని అప్పుడు తెలిసింది. ఇక పోవడం మానేశాను. గుడ్డు లేకుండా అన్నం తినడం పెద్ద కష్టమేమీ కాదు.

ఆళ్లగడ్డ నుంచి బదిలీ వచ్చాక చివరి ఆదివారం గుడికి నడుస్తూ, ఎప్పుడూ పోయే రోడ్డు వదిలి మసీదు వైపు మళ్లాను. వీధిలోకి పోలేదు. మలుపు దగ్గరే గోడ పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి కిటికీ కనబడదు, గొంతు వినబడుతుంది.

"మల్లా నోటేనా? నిన్న గూడా ఇదే కథ చెప్తివి. ఒక్క అగ్గిపెట్టెకు నోటు మార్చుకుంటాండావా అన్నా? ఇంటికాడ పెండ్లామైనా చిల్లర ఇచ్చి పంపాలని తెల్వదా?"

అవతలి మనిషి ఏదో గొణిగాడు. ఆమె ఇంకా గట్టిగా అందుకుంది. ఎదురు కిటికీ నుంచి ఎవరో నవ్వారు. ఆ తిట్లు తింటున్నవాడెవడో నాకు తెలియదు గానీ వాడి మీద అసూయ పుట్టింది. ప్రభువు క్షమించాలి. గుడి గంట మొదలైంది. ఆరాధనకు నేనెప్పుడూ ఆలస్యంగా పోయినవాడిని కాదు. ఆ రోజు మాత్రం గంట ఆగిపోయాక కూడా అక్కడే నిలబడి, ఆమె తిట్టడం అయిపోయేదాకా విన్నాను.